ఖండం సంగతి తర్వాత, ముందు ఒక ఊరు కట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆరుగురు స్నేహితులు: ముగ్గురు హైదరాబాద్‌లో, ఒకరు గుంటూరులో, ఇద్దరు అట్లాంటాలో. స్కైరిమ్ అనే వీడియో ఆట మీద మోడ్‌గా, అంటే అభిమానులు జోడించే అదనపు భాగంగా, ఒక కొత్త ఖండం కట్టాలి. దక్కన్ ఛాయలున్న నేల, కాకతీయుల కాలపు కోటల్ని తలపించే కట్టడాలు. విస్తీర్ణం స్కైరిమ్‌కి రెండింతలు, ఐదు నగరాలు, 200 క్వెస్టులు (ఆటగాడు పూర్తిచెయ్యాల్సిన పనులు), ప్రతి పాత్రకూ గొంతు, వీలైతే తెలుగులో కూడా. రెండేళ్లలో విడుదల. ఇప్పటికి చేతిలో ఉన్నవి 140 పేజీల చరిత్ర, ఒక హైట్‌మ్యాప్ (నేల ఎత్తుపల్లాల పటం), ఒక లోగో. ఆరుగురిలో నలుగురు రచయితలు. ఎక్కడ మొదలుపెట్టాలి?

లోగో దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చింది, ఏమనుకోకండి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మా మొదటి జట్టు కూడా లోగోతోనే మొదలైంది కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. తొమ్మిదేళ్లుగా ఇలాంటి స్వచ్ఛంద జట్లలో పనిచేస్తున్నాను. మొదట్లో గుహలూ ఇళ్ల లోపలి గదులూ కట్టేవాణ్ణి. తర్వాత మిగతావాళ్లు కట్టినవి సరిచూసి ఒక ఫైల్లోకి చేర్చే పని నా మెడకు చుట్టుకుంది. కట్టేటప్పుడు నేర్చుకున్నదానికంటే చేర్చేటప్పుడు నేర్చుకున్నదే ఎక్కువ. రెండు జట్లలో ఒకటి విడుదల దాకా వెళ్లింది, ఒకటి వెళ్లలేదు. వెళ్లనిదాని కథ కింద చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. స్కైరిమ్‌లో బయటి నేలంతా సెల్స్‌గా కోసి ఉంటుంది. ఒక్కో సెల్ 4096 యూనిట్ల చదరం, అంటే ఒక్కో వైపు 58 మీటర్ల పైచిలుకు. ఆట మొత్తం నేల సుమారు 37 చదరపు కిలోమీటర్లని లెక్కగడతారు. మీరనుకున్న రెండింతలు అంటే 74. సెల్స్‌లో చెప్పాలంటే 21,600 దాకా. ఒక సెల్‌ని చూడదగ్గట్టు చెయ్యడానికి గంట చాలనుకుందాం. అడవి అయితే సరిపోవచ్చు, ఊరి నడిబొడ్డు అయితే రెండు మూడు రోజులు పడుతుంది, అయినా గంటే అనుకుందాం. ఆరుగురూ ఉద్యోగాలు చేసుకుంటూ వారానికి తలా 10 గంటలు పెడితే 60 గంటలు. 360 వారాలు. ఏడేళ్లకు కాస్త తక్కువ. ఇందులో ఇల్లు లేదు, గుహ లేదు, మనిషి లేడు, ఒక్క క్వెస్ట్ లేదు, ఉత్త నేల. ఇక మీలో నలుగురు రచయితలు కదా, మోడ్లు కట్టే సాఫ్ట్‌వేర్ క్రియేషన్ కిట్‌లో కూర్చునేది ఇద్దరే అయితే 20 ఏళ్లు దాటుతుంది.

హైట్‌మ్యాప్ ఎందుకు మోసం చేస్తుందంటే, మొత్తం పనిలో అతి తేలికైనది అదే కాబట్టి. వరల్డ్ మెషీన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో శనివారం కూర్చుంటే ఆదివారం సాయంత్రానికి కొండలూ లోయలూ వర్షానికి కోసుకుపోయిన వాగులూ అన్నీ వచ్చేస్తాయి. స్క్రీన్‌షాట్ పెడితే వంద లైకులు. సగం పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ పైకి లేపిన ప్రతి సెల్ మీద మీరు అప్పుపత్రం రాసిచ్చినట్టే. దాని మీద మట్టి రంగు పూయాలి, రాళ్లు పెట్టాలి, చెట్లు చల్లాక గాలిలో తేలేవాటిని చేత్తో కిందికి దించాలి, నావ్‌మెష్ (పాత్రలు నడవగలిగే చోట్లు చెప్పే వల) అల్లాలి, దూరం నుంచి కనబడే రూపం తయారుచెయ్యాలి, ఇంత చేశాక అక్కడ ఆటగాడికి చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి. తీర్చలేని అప్పు చేసి వడ్డీకి భయపడే ఇంటిలా, సగం జట్లు మ్యాప్ పెద్దదై ఆగిపోయాయి. కాబట్టి నా సలహా మొత్తం ఒకటే ముక్క: సగం మంది వెళ్లిపోయినా పూర్తయ్యేంత నేల మాత్రమే లేపండి.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. టామ్రియల్ రీబిల్ట్ అనే మోడ్ జట్టు సంగతి చూడండి. 2001లో, స్కైరిమ్ వరసలోనే పాత ఆటైన మారోవిండ్ ఇంకా బజారులోకి రాకముందే మొదలైన జట్టు అది. మొదటి సంకల్పం ఈ ఆటలన్నీ జరిగే టామ్రియల్ ఖండం మొత్తం కట్టేద్దామని. తర్వాత అందులోని ఒక్క మారోవిండ్ రాష్ట్రానికి కుదించుకున్నారు. ఆటలో ఉన్న వార్డెన్‌ఫెల్ దీవికి చుట్టూ ఉండాల్సిన ప్రధాన భూభాగం అన్నమాట. అంత కుదించుకున్నా రెండు దశాబ్దాలు దాటిపోయింది, ఇంకా కడుతూనే ఉన్నారు. నార్సిస్ నగరం ఉన్న భాగం విడుదలైంది 2025లో. మొదట్లో కట్టిన ఊళ్లు తర్వాతి వాళ్ల పనితనం పక్కన వెలవెలపోతే వాటిని మళ్లీ కట్టుకున్నారు. ఇన్నేళ్లు ఎలా బతికిందంటే, నేలను ముక్కలుగా కోసి, ఏ ముక్కకా ముక్క ఆడుకునేలా పూర్తిచేసి వదులుతూ వచ్చారు. వచ్చిన ప్రతి ముక్కా కొత్త మనుషుల్ని లాక్కొచ్చింది.

స్కైరిమ్ చుట్టుపక్కల రాష్ట్రాల్ని మోడ్లుగా కట్టే బియాండ్ స్కైరిమ్ వాళ్లు కూడా సిరోడిల్ రాష్ట్రం మొత్తాన్ని పట్టుకుని కూర్చోలేదు. సరిహద్దు దాటగానే తగిలే బ్రూమా నగరం ఒక్కదాన్నే 2017 జులైలో బయటపెట్టారు. స్కైరిమ్ మీదే కట్టిన ఎండెరాల్ లాంటి మోడ్లు పెద్దవే కదా అంటారేమో. అది కట్టిన జర్మన్ జట్టు ష్యూర్‌ఏఐ అంతకుముందే 2010లో ఇదే వరసలోని ఆబ్లివియన్ ఆట మీద నెహ్రిమ్ అనే పూర్తి ఆటంత మోడ్ విడుదల చేసింది, దానికి ముందు మారోవిండ్ మీద చేయి తిప్పుకుంది. ఎండెరాల్ 2016లో వచ్చింది. మీరు చూసేది వాళ్ల మొదటి ఇల్లు కాదు.

రెండో వైపు ఫాల్స్‌కార్ అనే మోడ్. 2013లో వచ్చింది. ప్రధానంగా ఒక్క కుర్రాడు, అలెగ్జాండర్ వెలికీ, అప్పటికి పంతొమ్మిదేళ్లు. 2,000 గంటలకు పైగా పెట్టి ఒక దీవి, 26 క్వెస్టులు కట్టాడు. గొంతులకీ సంగీతానికీ బయటివాళ్లు చాలామంది సాయపడ్డారు. ఆ పని చూపించే బంగీ అనే ఆటల స్టూడియోలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఇంతా చేస్తే 26. మీ 200 పక్కన ఆ అంకె ఒకసారి రాసి చూసుకోండి. ఇక నాకు అన్నిటికంటే నచ్చింది ఫర్‌గాటెన్ సిటీ. 2015లో వచ్చిన మోడ్. నేల కింద ఒకే ఒక్క నగరం, బయట ఖండం లేదు, కొండలు లేవు. రాతే దాని బలం. ఆస్ట్రేలియా రచయితల సంఘం బహుమతి అందుకుంది, 2021లో సొంత ఆటగా మారింది. నలుగురు రచయితలున్న జట్టుకు ఆదర్శం ఇలాంటిది కావాలి గానీ రెండింతల స్కైరిమ్ కాదు.

సరే, ఊరు. మీ హైట్‌మ్యాప్‌ని పారేయకండి, దాచుకోండి. అందులో ఆగ్నేయాన చెరువు ఉందన్నారు కదా, దాని గట్టు పక్కన ఆరు సెల్స్ పొడవు, ఆరు సెల్స్ వెడల్పు ముక్క కోయండి. 36 సెల్స్. ఒక్కో వైపు 350 మీటర్లు. చిన్నగా అనిపిస్తుందా? వైట్‌రన్ పక్కనున్న రివర్‌వుడ్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి చూడండి, ఇంత లేదు. ఆ ముక్కలో తొమ్మిది ఇళ్లు, ఒక గుడి, ఒక మెట్ల బావి, ఊరి బయట ఒక పాడుబడ్డ కోట బురుజు, దాని కింద ఒక నేలమాళిగ. పద్నాలుగు మంది మనుషులు. మూడు క్వెస్టులు. అంతే. ఇది మీ మొదటి విడుదల కాకపోవచ్చు, కానీ ఇది ఆడుకునేలా పూర్తయ్యేదాకా ముప్పై ఏడో సెల్ ముట్టుకోకండి.

ఈ ఊరు మీకు నేర్పే మొదటి పాఠం కిట్ గురించి, అంటే కట్టడాల్ని కూర్చే ముక్కల సెట్ గురించి. స్కైరిమ్‌లో గుహలూ కోటలూ ఒక్కొక్కటి విడిగా చెక్కినవి కావు. గోడ ముక్క, మూల ముక్క, గుమ్మం ముక్క, మెట్ల ముక్క అని అచ్చులు చేసుకుని పిల్లల బిల్డింగ్ బ్లాక్స్‌లా కూర్చారు. ఆ పనికి స్కైరిమ్ తయారుచేసిన బెథెస్డా పెట్టుకున్నది ఇద్దరు కిట్ ఆర్టిస్టుల్ని, ఎనిమిది మంది లెవెల్ డిజైనర్లని. వాళ్లు జీతం తీసుకుని రోజంతా అదే పని చేసినవాళ్లు. మీ ఊరికి స్కైరిమ్‌లో ఉండే నార్డు జాతివాళ్ల దుంగల ఇళ్లు పనికిరావు, కాబట్టి కిట్ మీరే చెయ్యాలి. ఏమేం కావాలి? మట్టి గోడ నిడుపు ముక్క, సగం ముక్క, లోపలి మూల, బయటి మూల, గుమ్మం, కిటికీ, అరుగు, అరుగు చివర, పెంకుల కప్పు, కప్పు అంచు, కప్పు మూల, కప్పు కొస. ఇవన్నీ 256 యూనిట్ల గడిలో కూర్చోవాలి. మనిషి ఎత్తు 128 యూనిట్లు, కాబట్టి గుమ్మం అంతకంటే బాగా ఎత్తుండాలి. మన పాత ఇళ్లలో తల వంచి లోపలికి వెళ్తాం కదా అని నేనొకసారి గుమ్మం దించాను. కెమెరా దూలంలోంచి దూరిపోయింది, వెంట వచ్చే తోడు మనిషి బయటే నిలబడిపోయాడు. అందాన్ని దూలం మీద చెక్కడంలో చూపించండి, ఎత్తు తగ్గించి కాదు.

అరుగు ఒక్కటీ చేసి చూస్తే అర్థమవుతుంది ఎంత పనో. మోడల్ చెయ్యాలి, దానికి ఆనుకునే కొలిజన్ (మనుషులు అందులోంచి దూరిపోకుండా ఆపే ఆకారం) చెయ్యాలి, కూర్చునే గుర్తు పెట్టాలి, ఆ గుర్తు దాకా నావ్‌మెష్ రావాలి, సాయంత్రం అయిదింటికి ముసలాయన వచ్చి కూర్చునేలా ఆయన దినచర్య రాయాలి. ఇదంతా పనిచేసి, ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్న సాయంత్రం మీకు కలిగే ఆనందం మాత్రం 140 పేజీలు రాసినా రాదు. అన్నట్టు తాటిచెట్టు స్కైరిమ్‌లో లేదు. తాటిచెట్టు లేకుండా మన ఊరేంటి, అదీ మీరే చేసుకోవాలి. రాళ్లకి మాత్రం ఇబ్బంది లేదు. ఆటలోని బండరాళ్లకి మన గ్రానైటు రంగు పూసి ఒకదాని మీద ఒకటి దొర్లించి పెడితే గోల్కొండ చుట్టుపక్కల గుట్టల్లాగే ఉంటాయి.

రెండో పాఠం నావ్‌మెష్. మనుషులూ జంతువులూ ఎక్కడ నడవొచ్చో చెప్పే త్రిభుజాల వల అది. పక్క సెల్ వలతో అంచు కలవకపోతే పాత్ర గీత గీసినట్టు అక్కడే ఆగిపోతుంది. క్రియేషన్ కిట్ దానంతటది అల్లేది బయటి నేల మీద పెద్దగా పనికిరాదు, చేత్తోనే అల్లుకోవాలి. ఇందులో మా జట్టు పదకొండు రాత్రులు పోగొట్టుకుంది. ఆట ఎప్పుడో ఒకసారి, ఎందుకో తెలియకుండా, ఒక కనుమ దగ్గర క్రాష్ అయ్యేది. చివరికి తేలిందేమిటంటే, ఒక కుర్రాడు అసలు ఆటలోని సరిహద్దు సెల్‌లో పాత నావ్‌మెష్‌ని డిలీట్ చేసి కొత్తది గీశాడు. చూడ్డానికి చక్కగా ఉంది. కానీ పాతదాన్ని వెతుక్కుంటూ ఆట కూలిపోతోంది. అసలు ఆటలోది ఎప్పుడూ డిలీట్ చెయ్యకూడదు, ఉన్న త్రిభుజాల్నే జరుపుకోవాలి. వీలైతే మీ ఖండాన్ని వేరే వరల్డ్‌స్పేస్‌గా, అంటే విడి ప్రపంచంగా పెట్టి ఓడలో చేరేలా చేసుకోండి, అసలు నేల జోలికి వెళ్లే పనే ఉండదు.

ఇక మనుషులు. హైట్‌మ్యాప్ కంటే ముందు గీసుకోవాల్సిన మ్యాప్ ఇది.

స్వచ్ఛంద పనిలో పోయేవాళ్లు చెప్పి పోరు. ఒకరికి పెళ్లి కుదురుతుంది, ఒకరికి ఆన్‌సైట్ వస్తుంది, ఒకరికి కొత్త ఆట వస్తుంది. ఎవరినీ తప్పుపట్టలేం. తప్పల్లా వాళ్ల దగ్గర ఉండిపోయిన ఫైల్‌ది. టామ్రియల్ రీబిల్ట్‌లో నడిచే పద్ధతి నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే గట్టిది. బయటి నేల, లోపలి గది, క్వెస్ట్ దేనికది చిన్న ముక్కలుగా ఉంటుంది. ఎవరికి కావాల్సింది వాళ్లు క్లెయిమ్ చేసుకుంటారు. పూర్తయ్యాక ఇంకొకరు రివ్యూ చేస్తారు. ఆ తర్వాతే పెద్ద ఫైల్లోకి. కొత్తగా వచ్చినవాళ్లు ముందు ఒక నమూనా గది కట్టి చూపించాలి, దాన్ని షోకేస్ అంటారు. పేర్లలో కూడా క్రమం ఉంటుంది: టీఆర్ తర్వాత అడ్డగీత (అండర్‌స్కోర్), ఎం1, మళ్లీ అడ్డగీత, అని మొదలైతే అది మొదటి మ్యాప్ తాలూకు వస్తువని ఎవరైనా చెప్పేస్తారు. మీరు మొదటి రోజే పేర్ల ముందు పెట్టే ఇలాంటి గుర్తు ఒకటి ఎంచుకోండి. నాలుగు వేల వస్తువులకి ‘కొత్తగోడ2ఫైనల్’ అని పేర్లు పెట్టుకున్నాక మార్చడం ఎవరి వల్లా కాదు.

దీనికి నేను కలిపేవి రెండు. క్లెయిమ్‌కి గడువు పెట్టండి. ఆరు వారాలు కబురు లేకపోతే ఆ ముక్క ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలో వెనక్కి వచ్చేస్తుంది. రెండోది, ఆదివారం రాత్రికల్లా సగం చేసిన ఫైల్ అయినా సరే అందరికీ తెలిసిన డ్రైవ్‌లో ఉండాలి. సిగ్గుపడి దాచుకునేవాళ్లుంటారు, ‘ఇంకా బాగా రాలేదు అన్నా’ అంటారు. బాగా రానిదే ముందు పెట్టమనండి.

మీరు కట్టినవి నమోదయ్యే ప్లగిన్ ఫైల్ సాఫ్ట్‌వేర్ కోడ్ లాంటిది కాదు. మీలో ఇద్దరు ఐటీలో ఉన్నామన్నారు కాబట్టి కోడ్ మార్పుల్ని కలిపే గిట్‌లో పెట్టి మెర్జ్ చేసేద్దాం అనుకుంటారు, కుదరదు. అది బైనరీ ఫైల్. ఒకే ఫైల్‌ని ఇద్దరు తెరిచి సేవ్ చేస్తే ఒకరి పని గంగలో కలిసినట్టే. అందుకని ఎవరి క్లెయిమ్‌కి వాళ్లకి చిన్న ప్లగిన్, ప్రధాన ఫైల్‌ని ఒక్కరే ముట్టుకోవాలి, చేర్చేముందు ఎక్స్‌ఎడిట్ అనే సాధనంలో తప్పులు వెతకాలి. ఆ ఒక్కరికి ఒక వారసుడు కూడా కావాలి. నాకు డెంగ్యూ వచ్చి మూడు వారాలు పడుకుంటే జట్టు మొత్తం ఎక్కడి గొంగళి అక్కడే ఉండిపోయింది.

విడుదల కాని జట్టు కథ చెబుతానన్నాను కదా. అది నావ్‌మెష్ వల్ల ఆగలేదు. మా రాతి గోడలకీ స్తంభాలకీ టెక్స్చర్లు (పైన పరిచే బొమ్మలు) చేసిన అబ్బాయి, ఏదో మాటా మాటా పెరిగి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ నా టెక్స్చర్లు వాడొద్దన్నాడు. రాసుకున్న కాగితం ఏదీ లేదు. కనబడే ప్రతి గోడ మీదా అతని పనే. బతిమాలాం, మళ్లీ చేద్దామనుకున్నాం, రెండు నెలల్లో తలా ఒక దిక్కు అయిపోయాం. తప్పు అతనిది కాదనే ఇప్పటికీ అంటాను. మేం ముందే అడగాల్సింది. ‘నేను ఇచ్చినది జట్టు ఈ మోడ్‌లో ఎప్పటికీ వాడుకోవచ్చు, నేను జట్టులో ఉన్నా లేకపోయినా’ అన్న ఒక్క వాక్యం, చేరిన రోజే, ప్రతి ఒక్కరి దగ్గరా రాతపూర్వకంగా తీసుకోండి. స్నేహితుల మధ్య ఇదేంటని మొహమాటపడకండి. అన్నదమ్ములు కూడా పొలం గట్టు రాసుకునే పంచుకుంటారు.

డబ్బు గురించి అడిగారు, ఒక్క ముక్కలో: క్రియేషన్ కిట్ ఒప్పందం ప్రకారం మీరు దీన్ని మీ ఇష్టానికి అమ్ముకోలేరు. అమ్మే ఆలోచన ఉంటే ఇప్పుడే సొంత ఆట దారి పట్టండి. అలాగే ఒక ఆటలోని మోడల్స్ తీసి ఇంకో ఆటలో పెట్టకూడదు. స్కైబ్లివియన్ వాళ్లు ఆబ్లివియన్‌ని స్కైరిమ్‌లో మళ్లీ కడుతూ, పాత మోడల్స్ కళ్ల ముందే ఉన్నా కొత్తవి చేసుకుంటున్నది ఇందుకే.

ఇప్పుడు 140 పేజీల దగ్గరికి. బాధపడకండి, అందులో పనికొచ్చేది చాలా ఉంది. ఒక్కో పేజీకీ ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది ఆటగాడి కంటికి ఎక్కడ కనబడుతుంది? మూడో వంశం రాజు చెరువు తవ్వించాడని రాశారు. సరే, చెరువు తూము దగ్గర ఒక శాసనం రాయి, దాని మీద నాలుగు వాక్యాలు. అక్కడ కనబడుతుంది, ఉంచండి. ఆ రాజు ముత్తాత పెళ్లి ఎక్కడా కనబడదు, పక్కన పెట్టండి. ఇలా జల్లెడ పడితే మొదటి ఊరికి పన్నెండు పేజీలు మిగిలితే గొప్ప. మిగిలిన పేజీలు ఖండం పెరిగినప్పుడు పనికొస్తాయి.

క్వెస్ట్ రాయడం కథ రాయడం కాదు. ‘కరణం కొడుకు తప్పిపోయాడు, వెతికి తీసుకురావాలి’ అన్నది కథ. క్వెస్ట్ అంటే అంచెలు: 10 దగ్గర కరణంతో మాట, 20 దగ్గర బావిలో చెప్పు దొరకడం, 30 దగ్గర బురుజు. ఆటగాడు కరణాన్ని కలవకుండానే ముందే బురుజుకి వెళ్లి కొడుకుని చూసేస్తే? మధ్యలో డ్రాగన్ వచ్చి కరణాన్ని చంపేస్తే? చెప్పుని అమ్మేస్తే? ఈ ప్రశ్నలకి జవాబులు రాసిన కాగితం లేకుండా స్క్రిప్ట్ మొదలుపెట్టకండి. మీ నలుగురు రచయితల్లో ఇద్దరికి ఆట స్క్రిప్టులు రాసే భాష పాపిరస్ నేర్పించండి. రాసేవాడే అమలుచేస్తే డైలాగులు వాటంతటవే సగానికి తగ్గుతాయి, నా కళ్లతో చూశాను.

గొంతుల విషయంలో స్కైరిమ్‌తో పోటీ పెట్టుకోకండి. ఆ ఆటలో 70 మందికి పైగా నటులు, 60,000 పైచిలుకు లైన్లు. మీ ఊళ్లో పద్నాలుగు మందికి కలిపి మూడు నాలుగు వందల లైన్లలో సరిపెట్టుకోవచ్చు. రికార్డింగ్ చివర్న పెట్టుకోండి, అందరూ ఆడి, మాటలు ఇక మారవని తేలాక. మేం తొందరపడి ముందే చేయించి, తర్వాత ఒక ఊరి పేరు మార్చాం. ఎనభై ఏడు లైన్లలో పాత పేరుంది. చాలావరకు మళ్లీ చెప్పించాం గానీ ఒక పెద్దాయన పాత్రకి గొంతిచ్చిన మనిషి అప్పటికి దొరకలేదు. చివరికి ఏం చేశామంటే, ఊళ్లో ముసలాళ్లు ఇంకా పాత పేరే అంటారని ఒక పిల్లవాడి చేత చెప్పించాం. విజయవాడని బెజవాడ అన్నట్టే. ఆడినవాళ్లు అది చూసి ఎంత బాగా ఆలోచించారో అని మెచ్చుకున్నారు! ప్రతిసారీ అంత అదృష్టం ఉండదు.

తెలుగు సంగతి. ఆట విడుదలైన భాషల్లో మన దేశపు భాష ఒక్కటీ లేదు, కాబట్టి తెరమీద తెలుగు అక్షరం వస్తుందని ముందే లెక్క వేసుకోకండి. ఈ వారమే ఒక పని చేయండి. ఒక చెక్క పలక మీద ‘స్త్రీ క్షేత్రం’ అన్న రెండు మాటలు పేరుగా పెట్టి, తెలుగు ఫాంట్ జోడించి ఆటలో చూడండి. ఒత్తులు విడిపోయి పక్కన పడితే సబ్‌టైటిల్స్ ఆశ వదులుకుని, గొంతులు మాత్రం తెలుగులో పెట్టండి. ధ్వనికి లిపి గొడవ లేదు. అప్పుడు కూడా ఇంగ్లీష్ గొంతుల ఫైల్ వేరు, తెలుగు గొంతుల ఫైల్ వేరుగా ఉంచండి. ఇంకో మాట, అడక్కపోయినా చెబుతున్నా: రాజులూ మాంత్రికులూ అనగానే అందరి చేతా ‘ఓరీ దుర్మార్గా’ అనిపించకండి. చెరువు గట్టు మీద మనిషి మీ అమ్మమ్మ ఊళ్లో మాట్లాడినట్టే మాట్లాడాలి.

ఆట వెర్షన్ ఒకటి ఎంచుకుని దాని మీదే ఉండిపోండి. 2021 నవంబర్‌లో స్కైరిమ్‌కి వచ్చిన అప్‌డేట్‌తో స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ (స్క్రిప్టులకి అదనపు శక్తినిచ్చే బయటి సాధనం) మీద ఆధారపడిన మోడ్లు ఒక్క రాత్రిలో మూలపడ్డాయి. ఫాల్‌అవుట్ 4 ఆట మీద మోడ్ కట్టిన ఫాల్‌అవుట్ లండన్ వాళ్లయితే 2024 ఏప్రిల్‌లో విడుదలకి అంతా సిద్ధం చేసుకున్నాక, అదే వారం ఫాల్‌అవుట్ 4కి పెద్ద అప్‌డేట్ వస్తోందని తెలిసి జులై దాకా ఆగాల్సి వచ్చింది. మీరు స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ లేకుండా గడుపుకోగలిగితే సగం తలనొప్పి తప్పుతుంది.

విడుదలయ్యాక మార్పులు కూడా ఇష్టమొచ్చినట్టు కుదరవు. మీరు పెట్టిన ప్రతి వస్తువుకీ మనిషికీ ఒక నంబర్ ఉంటుంది, నడుస్తున్న స్క్రిప్టులు ఆటగాళ్ల సేవ్ ఫైళ్లలోకి ఎక్కిపోతాయి. తర్వాత ఆ ముసలాయన్ని తీసేస్తే ఎవరి సేవ్‌లోనో క్వెస్ట్ ఆయన కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. అందుకే తొందరపడి పరీక్ష కోసం పెట్టినవి విడుదల ఫైల్లో మిగిలిపోకుండా చూసుకోండి.

నిజానికి నేనైతే ఇంకో దారి కూడా ఆలోచిస్తాను, మీరు ఒప్పుకోరని తెలిసినా చెబుతాను. మారోవిండ్ మీద కట్టండి. అందులో మాటలు దాదాపు అన్నీ రాతలో ఉంటాయి, గొంతు అక్కర్లేదు. నావ్‌మెష్ బదులు చుక్కలూ గీతలూ ఉన్న సాదా దారి గ్రిడ్. నలుగురు రచయితలున్న ఆరుగురి జట్టుకి దాన్ని మించిన చోటు లేదు. స్కైరిమే కావాలంటే మాత్రం మీలో క్రియేషన్ కిట్ తెలిసిన ఇద్దరినీ ఆరు నెలలు ఏదైనా పాత జట్టులో చేర్పించండి. బియాండ్ స్కైరిమ్ వాళ్లు ఆర్కేన్ యూనివర్సిటీ పేరుతో కొత్తవాళ్లకి ఉచితంగా నేర్పుతారు. అక్కడ మీ గదిని ఎవరో తెలియని మనిషి రివ్యూ చేసి ఇరవై మూడు తప్పులు రాసి పంపిస్తాడు. ఆ జాబితా చదివాక మీ పని తీరే మారిపోతుంది.

డిస్కార్డ్ సర్వర్ (జట్టు చాట్ గది) అందరికీ ఎప్పుడు తెరవాలని చివర్లో అడిగారు. ఊరు ఆడుకునేలా అయ్యాక, మీ ఆరుగురిలో లేని ఒక మనిషిని, ఆ 140 పేజీలు చదవనివాణ్ణి, కూర్చోబెట్టి ఆడించండి. మీరు వెనక నోరు మూసుకుని నిలబడండి. బావి ఎక్కడుందో చెప్పాలని నోరు దురద పెడుతుంది, చెప్పకండి, వాడు ఎక్కడెక్కడ తచ్చాడాడో రాసుకోండి. అవి సరిచేసి, ఇంకొకణ్ణి కూర్చోబెట్టి, ఆట ఆగకుండా వాడు మూడు క్వెస్టులూ పూర్తిచేసిన రోజు తెరవండి. లోగో కూడా ఆ రోజే పెట్టండి, నాకు అది నచ్చింది.